సర్వర్‌లో మెమరీ ఎవరు తింటున్నారు? టాప్ నుంచి ప్రోమిథియస్ దాకా ఏది ఎప్పుడు

ఒకప్పుడు నేను చూసుకునే చిన్న సర్వర్ ఒకటి రాత్రి రెండింటికి పడిపోయింది. 4 జీబీ ర్యామ్, స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్క్ భాగం) లేదు. దాని మీద ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, పైథాన్ వెబ్ యాప్‌ని నడిపే ఎనిమిది గునికార్న్ వర్కర్లు, రాత్రిళ్లు నడిచే నాలుగైదు స్క్రిప్టులు. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లాగ్ చూస్తే, మెమరీ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న ప్రోగ్రాముని, చంపే ఓఓఎం కిల్లర్ పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ని చంపినట్టు రాసి ఉంది. దొంగ దొరికాడనుకున్నాం. కనెక్షన్లు తగ్గించాం, డేటాబేస్ మెమరీ సెట్టింగులు కుదించాం. మర్నాడు రాత్రి ఏమీ కాలేదు, మా మందు పనిచేసిందని సంబరపడ్డాం. మూడో రాత్రి మళ్లీ అదే టైముకి అదే చావు.

అసలు దొంగ ఒక పైథాన్ రిపోర్టు స్క్రిప్టు. ఏడాది మొత్తం ఫీజు రసీదుల్ని ఒక్కసారిగా మెమరీలోకి ఎత్తుకునేది. రెండింటికి క్రాన్ (చెప్పిన టైముకి పనులు నడిపేది) దాన్ని లేపుతుంది, పది పన్నెండు నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోతుంది. పొద్దున మేం టాప్ (ఇప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌లు చూపించే కమాండ్) తెరిచేసరికి దాని జాడే ఉండదు.

అక్కడ మేం చేసిన తప్పులు రెండు. జరిగిపోయిన దాన్ని చూడాల్సిన చోట ఇప్పటిది చూపించే టూల్ పట్టుకుని కూర్చున్నాం. ఆ టూల్ చూపించిన అంకెని కూడా తప్పుగా చదివాం. లినక్స్ సర్వర్‌లో మెమరీ చూడటానికి ఏ టూల్ మంచిదని అడిగేవాళ్లలో చాలామంది ఈ రెండు గుంటల్లోనే పడతారు. అందుకే టూల్స్ పేర్లకి ముందు, వాటిని ఏ కొలబద్దతో కొలవాలో చూద్దాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఏ అంకె కావాలి? ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువమంది దాటేసేది కూడా ఇదే.

పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకోండి. వాచ్‌మన్ జీతం నెలకు 12 వేలు, అందరూ కలిసి ఇస్తారు. పది ఇళ్లవాళ్లూ తమ తమ ఖర్చుల పుస్తకంలో "వాచ్‌మన్: 12,000" అని పూర్తిగా రాసుకుంటే, పుస్తకాలన్నీ కలిపి చూసినవాడికి వాచ్‌మన్ జీతం లక్షా ఇరవై వేలని తేలుతుంది. ఆర్‌ఎస్‌ఎస్ (రెసిడెంట్ సెట్ సైజ్) అంటే ఆ పుస్తకం. ఒక ప్రాసెస్‌కి సంబంధించి ర్యామ్‌లో ఉన్న పేజీలన్నీ (కెర్నల్ మెమరీని పంచే చిన్న ముక్కలు) అందులో ఉంటాయి, పదిమందితో పంచుకున్నవి కూడా పూర్తిగా.

అదే జీతాన్ని ఇంటికి 1,200 చొప్పున పంచి రాస్తే అది పీఎస్‌ఎస్ (ప్రపోర్షనల్ సెట్ సైజ్). వీటిని కూడితే నిజమైన మొత్తం వస్తుంది. వాచ్‌మన్ ఊసే ఎత్తకుండా, ఆ ఇంటి పాలు, కరెంటు బిల్లు మాత్రమే రాస్తే యూఎస్‌ఎస్ (యూనిక్ సెట్ సైజ్). ఆ కుటుంబం ఖాళీ చేసి వెళ్లిపోతే అపార్ట్‌మెంట్ మొత్తం ఖర్చులో తగ్గేది అంతే. ప్రాసెస్‌ని ఆపితే కచ్చితంగా తిరిగొచ్చే మెమరీ ఎంత అంటే యూఎస్‌ఎస్ చూడాలి. ఇక వీఎస్‌జడ్ (వర్చువల్ సైజ్) క్రెడిట్ కార్డు లిమిట్ లాంటిది. ప్రాసెస్ కేటాయించుకున్న చిరునామాల మొత్తమే తప్ప వాడింది కాదు. గో, జావా ప్రోగ్రాములకి ఆ కాలమ్‌లో కొండంత అంకె కనబడితే కంగారు పడకండి.

పోస్ట్‌గ్రెస్ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. అది కనెక్షన్‌కో ప్రాసెస్ తెరుస్తుంది, అందరూ కలిసి షేర్డ్ బఫర్స్ అనే ఒకే కుండలోంచి తింటారు. కుండ 1 జీబీ అయితే, దాన్నంతా ఒకసారి తాకిన ప్రతి ప్రాసెస్ ఆర్‌ఎస్‌ఎస్ కూడా 1 జీబీ పైచిలుకు అవుతుంది. ఇరవై కనెక్షన్లుంటే కూడిక 20 జీబీ దాటొచ్చు, 4 జీబీ సర్వర్ మీద! ఓఓఎం కిల్లర్ కూడా ఎవర్ని చంపాలో ఎంచుకునేటప్పుడు ఆర్‌ఎస్‌ఎస్‌నే లెక్కలోకి తీసుకుంటుంది, పంచుకున్న మెమరీతో సహా. దానికి స్వాప్, పేజ్ టేబుళ్లు (ఏ పేజీ ఎక్కడుందో రాసుకునే పట్టికలు) కలుపుతుంది. మా సర్వర్‌లో జరిగింది అదే. 900 ఎంబీ సొంతంగా మింగిన స్క్రిప్టు కంటే, సొంతానికి పట్టుమని 30 ఎంబీ కూడా లేని పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ కాగితం మీద పెద్దదిగా కనబడింది, బలైంది.

ఇప్పటిదా, నిన్నటిదా? సర్వర్ ఇప్పుడు నత్తనడక నడుస్తుంటే తక్షణం చూపించే టూల్ కావాలి. నిన్న రాత్రి పడిపోయిందంటే అప్పటికే రాసిపెడుతున్న టూల్ ఉండాలి. పడిపోయాక దాన్ని ఇన్‌స్టాల్ చేయడం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే.

ప్రాసెసా, సర్వీసా? ఈ రోజుల్లో ఒక సర్వీసంటే ఒక్క ప్రాసెస్ కాదు. మాస్టర్, దాని కింద వర్కర్లు, వాటి పిల్లలు. లిమిట్ పెట్టేది, చంపేది సర్వీసు లేదా కంటైనర్ (విడిగా మూటకట్టి నడిపే అప్లికేషన్) స్థాయిలో అయితే కొలత కూడా అక్కడే ఉండాలి.

చూడటానికి అయ్యే ఖర్చు. ఆర్‌ఎస్‌ఎస్ కెర్నల్ దగ్గర సిద్ధంగా ఉండే అంకె, చదవడం దాదాపు ఉచితం. పీఎస్‌ఎస్ కావాలంటే కెర్నల్ ఆ ప్రాసెస్ పేజీలన్నీ తిరిగి లెక్కపెట్టాలి. పదుల జీబీల డేటాబేస్ మీద సెకనుకోసారి ఇది చేయిస్తే, కొలిచే పనే ఒక జబ్బవుతుంది.

ఇవేవీ పట్టించుకునే ముందు ఒక చిన్న పని చేయండి: ఫ్రీ కమాండ్ కొట్టి "అవైలబుల్" కాలమ్ చూడండి. "ఫ్రీ" అన్న కాలమ్ చూసి భయపడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ ఫైళ్ల క్యాష్‌కి వాడుకుంటుంది, అడిగితే వెంటనే ఖాళీ చేస్తుంది. ఆ లెక్కంతా వేసి ఎంత దొరుకుతుందో చెప్పే అంకెని కెర్నల్ 2014లో, 3.14 వెర్షన్ నుంచి ఇస్తోంది. అవైలబుల్ బాగానే ఉంటే మీ సమస్య బహుశా మెమరీ కాదు, ఇక్కడితో ఆపి డిస్క్ సంగతి చూడండి.

## టాప్, హెచ్‌టాప్

ఏ సర్వర్‌కి వెళ్లినా టాప్ ఉంటుంది. అదే దాని గొప్ప. తెరవగానే సీపీయూ క్రమంలో చూపిస్తుంది, షిఫ్ట్ పట్టుకుని ఎం నొక్కితే మెమరీ క్రమంలోకి మారుతుంది. చిన్న ఈ నొక్కితే కేబీలు ఎంబీలుగా, జీబీలుగా మారతాయి. ఈ రెండు మీటలు తెలియక ఏళ్ల తరబడి ఏడంకెల కేబీలు లెక్కపెట్టుకునేవాళ్లని చూశాను. అందులో రెస్ అన్న కాలమే ఆర్‌ఎస్‌ఎస్. పక్కనే షేర్ అన్న కాలమ్ ఉంటుంది. రెస్ పెద్దగా, షేర్ కూడా దాదాపు అంతే ఉంటే ఆ ప్రాసెస్ మీద నింద వేసే ముందు ఆగండి.

హెచ్‌టాప్‌ని 2004లో బ్రెజిల్‌కి చెందిన హిషామ్ ముహమ్మద్ మొదలుపెట్టాడు, 2020 నుంచి వేరే బృందం చూసుకుంటోంది. రంగులు, చెట్టు ఆకారంలో ప్రాసెస్‌లు, పేరుతో వెతకడం, అన్నీ హాయిగా ఉంటాయి. కొత్తవాళ్లని తికమక పెట్టేది ఒక్కటే: థ్రెడ్‌లని కూడా విడి వరుసలుగా చూపిస్తుంది. ఒక జావా ప్రోగ్రాము యాభై వరుసల్లో, ప్రతి వరుసలో 2 జీబీ అంటూ కనబడితే గుండె ఆగినంత పనవుతుంది. అవన్నీ ఒకే 2 జీబీ. పెద్ద హెచ్ నొక్కితే ఆ వరుసలు మాయమవుతాయి. సెట్టింగుల్లో పీఎస్‌ఎస్ కాలమ్ కూడా జోడించుకోవచ్చు, బరువు సంగతి గుర్తుంచుకుని.

రెండిట్లో ఏది? నా చేతిలో ఉన్న సర్వరైతే హెచ్‌టాప్. క్లయింట్ సర్వర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే టాప్. దీని మీద ఇంతకంటే వాదించుకోవడం అనవసరం, రెండూ ఒకే ప్రశ్నకి జవాబు చెబుతాయి, రెండిటికీ గతం తెలియదు.

## పీఎస్, ప్రాక్ ఫైళ్లు

స్క్రిప్టులో వాడాలంటే పీఎస్. ఆర్‌ఎస్‌ఎస్ మీద క్రమం పెట్టించి మొదటి పది వరుసలు తీసి, నిమిషానికోసారి తేదీతో సహా ఒక ఫైల్లో రాయించే క్రాన్ లైను పెట్టుకుంటే, ఏ ఇన్‌స్టాలేషన్ లేకుండా గతం దొరుకుతుంది. మొరటు పద్ధతే, కానీ ఏమీ లేని చోట బంగారం. పీఎస్ చూపించే ఆర్‌ఎస్‌ఎస్ కేబీల్లో ఉంటుంది.

కెర్నల్ తన లెక్కలు చూపించే ప్రాక్ ఫోల్డర్ కింద ప్రతి ప్రాసెస్ నంబరు పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో స్టేటస్ ఫైల్లో వీఎం-హెచ్‌డబ్ల్యూఎం అన్న వరుసని చాలామంది చూడరు. ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా చేరిన గరిష్ఠ ఆర్‌ఎస్‌ఎస్ అది. ఇప్పుడు 300 ఎంబీ వాడుతున్న ప్రాసెస్ మధ్యలో ఎప్పుడో 1.8 జీబీకి వెళ్లొచ్చిందా అన్నది ఏ మానిటరింగూ లేకుండా అక్కడే తెలుస్తుంది. ప్రాసెస్ చనిపోతే ఆ ఫైలూ పోతుంది, అదొక్కటే లోటు.

## స్మెమ్

పంపకం లెక్క కావాలంటే ఇదే. మెర్క్యూరియల్ అనే వెర్షన్ కంట్రోల్ రాసిన మ్యాట్ మ్యాకల్ చేసిన చిన్న పైథాన్ ప్రోగ్రాము. ప్రాసెస్ వారీగా యూఎస్‌ఎస్, పీఎస్‌ఎస్, ఆర్‌ఎస్‌ఎస్ మూడూ పక్కపక్కన చూపిస్తుంది. యూజర్ వారీగా కూడా కలిపి చూపగలదు. ఇతరుల ప్రాసెస్‌లు చూడాలంటే రూట్ అనుమతి ఉండాలి, లేకపోతే మీవి మాత్రమే కనబడతాయి. మొత్తం చూశాననుకుని మోసపోయే చోటు ఇది.

దీని అసలు ఉపయోగం వర్కర్లు ఎన్ని పెట్టాలో తేల్చుకునేటప్పుడు. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం వాడేవాళ్లు గరిష్ఠ పిల్లల సంఖ్య లెక్క కట్టడానికి టాప్‌లో ఒక వర్కర్ రెస్ చూసి, ఉన్న ర్యామ్‌ని దానితో భాగిస్తారు. ఒక్కోటి 80 ఎంబీ, మిగిలిన ర్యామ్ 1,600 ఎంబీ, కాబట్టి ఇరవై మంది. నిజానికి ఆ 80లో ఓపీక్యాష్ (సిద్ధం చేసిన పీహెచ్‌పీ కోడ్ నిల్వ), లైబ్రరీలు కలిపి 45 ఎంబీ అందరూ పంచుకునేది కావచ్చు. అప్పుడు ఒక్కో కొత్త వర్కర్ తెచ్చే అసలు భారం 35 ఎంబీయే. అదే ర్యామ్‌లో నలభై మందికి పైగా పడతారు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కొలిచి చూసుకోండి. గునికార్న్‌లో ప్రీలోడ్ పెట్టి (యాప్‌ని ముందే ఒకసారి ఎక్కించి) ఫోర్క్ చేసిన (నకళ్లుగా పుట్టించిన) వర్కర్లకీ ఇదే వర్తిస్తుంది. కాకపోతే వర్కర్లు పని చేసేకొద్దీ పంచుకున్న పేజీల్ని తాకి సొంతం చేసుకుంటాయి. అందుకే స్టార్ట్ చేసిన నిమిషంలో కాకుండా, ఒక పూట ట్రాఫిక్ తిన్నాక కొలవాలి.

పీఎస్‌ఎస్‌లోనూ ఒక మెలిక ఉంది. పక్కింటివాళ్లు ఖాళీ చేస్తే మీ వాటా పెరిగినట్టు, పక్క వర్కర్ చనిపోతే మీ ప్రాసెస్ ఏమీ చేయకుండానే దాని పీఎస్‌ఎస్ పెరుగుతుంది. దాన్ని లీక్ (తీసుకున్న మెమరీని వదలకుండా పెరుగుతూ పోవడం) అనుకోకండి. లీక్ వెతకడానికి యూఎస్‌ఎస్ మేలు.

స్మెమ్ ఇన్‌స్టాల్ చేయలేకపోతే, 2017 నాటి 4.14 కెర్నల్ నుంచి ప్రాక్‌లో స్మ్యాప్స్-రోలప్ అన్న ఫైలు ఉంది, ఒక ప్రాసెస్ మొత్తం పీఎస్‌ఎస్ అందులో ఒక్క వరుసలో దొరుకుతుంది.

## పిడ్‌స్టాట్

అనుమానితుడు ఎవరో తెలుసు, వాడు ఎలా పెరుగుతున్నాడో చూడాలి. అప్పుడు పిడ్‌స్టాట్‌కి మైనస్ ఆర్, ప్రాసెస్ నంబరు, ఎన్ని సెకన్లకోసారో ఇచ్చి వదిలేయండి. వరుసగా రాసుకుంటూ పోతుంది. ఆర్‌ఎస్‌ఎస్‌తో పాటు మేజర్ ఫాల్ట్‌ల కాలమ్ కూడా ఉంటుంది. అది అదేపనిగా పైకెగురుతోందంటే పేజీల కోసం ప్రాసెస్ మాటిమాటికీ డిస్క్ దాకా వెళ్తోందని, ర్యామ్ నిజంగానే చాలట్లేదని.

ఇది సిస్‌స్టాట్ ప్యాకేజీలో వస్తుంది. అదే ప్యాకేజీలోని సార్ పది నిమిషాలకోసారి గతాన్ని దాస్తుంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. సార్ దాచేది సర్వర్ మొత్తం మెమరీ. రెండింటికి మెమరీ నిండిందని చెబుతుంది, ఎవరు నింపారో చెప్పదు. మొదటి రాత్రి తర్వాత మా దగ్గర ఉన్నది సరిగ్గా అంతే.

## ఎటాప్

చిన్న, మధ్య తరహా సర్వర్లకి ఒక్కటే పెట్టుకోమంటే నేను చెప్పేది ఇదే. నెదర్లాండ్స్‌కి చెందిన గెర్లోఫ్ లాంగెవెల్డ్ రాసిన ఎటాప్, టాప్‌లాగే తెర మీద చూపిస్తుంది, వెనకాల ప్రతి ప్రాసెస్ లెక్కనీ ఫైల్లో రాస్తూ ఉంటుంది. మామూలు సెట్టింగులో పది నిమిషాలకోసారి, 28 రోజుల పాటు. తర్వాత ఆ రోజు ఫైలు తెరిచి, చిన్న బీ నొక్కి రాత్రి 2:00 అని ఇస్తే, ఆ క్షణంలో టాప్ ముందు కూర్చున్నట్టే ఉంటుంది. చిన్న టీతో ముందుకి, పెద్ద టీతో వెనక్కి. చిన్న ఎం నొక్కితే మెమరీ కాలమ్‌లు. మా రిపోర్టు స్క్రిప్టు దొరికింది ఈ టీ నొక్కుతూ వెళ్తుంటేనే.

పది నిమిషాలన్నది చాలా వెడల్పు జల్లెడ. ఆరు నిమిషాల్లో పుట్టి, ఉబ్బి, పోయే ప్రాసెస్ మెమరీ అందులోంచి జారిపోతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఎటాప్ ఫైలుంటుంది, రెడ్‌హ్యాట్ కుటుంబంలో అదే సిస్‌కాన్ఫిగ్ కింద ఉంటుంది. అందులో 600 అన్న ఇంటర్వెల్‌ని 60 చేసి సర్వీసు రీస్టార్ట్ చేయండి. డిస్క్ వాడకం ఆ మేరకు పెరుగుతుంది, దాచే రోజుల్ని 28 నుంచి పదికి తగ్గిస్తే కొంతవరకు సర్దుకుంటుంది.

ఒక హెచ్చరిక. 2025 మార్చిలో ఎటాప్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది, 2.11.0 వరకు ఉన్న వెర్షన్లలో. జీపీయూ లెక్కల కోసం అది చేసే కనెక్షన్‌ని సర్వర్‌లోని మరో యూజర్ అడ్డం పెట్టుకునే వీలుండేది. 2.11.1లో సరిచేశారు. పాత సర్వర్లో ఇదివరకే ఉంటే ముందు అప్‌డేట్ చేయండి. తెలియని యూజర్లు షెల్‌లోకి వచ్చే సర్వర్లలో ఈ మాట మరీ ముఖ్యం.

## సర్వీసు లెక్క: సిస్టమ్‌డీ, డాకర్

డెబియన్ 11, ఉబుంటు 22.04, రెడ్‌హ్యాట్ 9 నుంచి సీగ్రూప్ (ప్రాసెస్‌లని గుంపు కట్టి లెక్కించే కెర్నల్ ఏర్పాటు) రెండో వెర్షన్ మామూలుగానే ఆన్‌లో వస్తుంది. అంటే ప్రతి సర్వీసూ వాడిన మెమరీ లెక్క కెర్నల్ దగ్గర ఉంటుంది. మాస్టర్, వర్కర్లు అందరూ కలిపి ఒకే అంకె, పంచుకున్నది రెండుసార్లు లెక్కపడదు. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీతోనే వచ్చే సిస్టమ్‌డీ-సీజీటాప్ తెరిచి చిన్న ఎం నొక్కితే సర్వీసులన్నీ మెమరీ క్రమంలో కనబడతాయి. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఇంత మంచి టూల్‌కి ఇంత తక్కువ పేరు ఎందుకో నాకు అర్థం కాదు.

లోపం: ఈ అంకెలో ఆ సర్వీసు చదివిన ఫైళ్ల క్యాష్ కూడా కలిసి ఉంటుంది. బ్యాకప్ సర్వీసు 3 జీబీ తిన్నట్టు కనబడుతుంది, నిజానికి అందులో ముప్పాతిక భాగం అడిగితే వదిలేసే క్యాష్. సీగ్రూప్ ఫోల్డర్‌లో మెమరీ-స్టాట్ ఫైలు తెరిచి అనాన్ అన్న వరుస చూస్తే గట్టి మెమరీ తెలుస్తుంది.

డాకర్ స్టాట్స్ ఈ లెక్కలోంచే వస్తుంది, క్యాష్‌లో వాడకం లేని భాగం తీసేసి చూపిస్తుంది. కుబర్నెటీస్‌లో వర్కింగ్ సెట్ అనే అంకె కూడా ఇంచుమించు అదే. కంటైనర్లతో పని చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది: కంటైనర్ లోపలికి వెళ్లి ఫ్రీ, టాప్ కొడితే కనబడేది హోస్ట్ మొత్తం ర్యామ్. 512 ఎంబీ లిమిట్ ఉన్న కంటైనర్‌లో కూర్చుని "ఇంకా 20 జీబీ ఉందే, ఎందుకు చచ్చింది?" అని జుట్టు పీక్కున్నవాళ్లు ఎందరో. 137 అన్న ఎగ్జిట్ కోడ్‌తో పోయిందంటే ఎవరో సిగ్నల్ 9 ఇచ్చి చంపారని. లిమిట్ దాటడమే కారణమా అన్నది సీగ్రూప్‌లోని మెమరీ-ఈవెంట్స్ ఫైల్లో ఓఓఎం-కిల్ అంకె చెబుతుంది.

## నెట్‌డేటా, ప్రోమిథియస్

సర్వర్లు మూడు నాలుగు దాటాక ఒక్కోదానిలోకి లాగిన్ అయ్యి చూడటం కుదరదు. గ్రాఫులు కావాలి, అర్ధరాత్రి ఫోన్ మోగించే అలర్టులు కావాలి.

నెట్‌డేటా పెట్టడం సులువు. సెకనుకోసారి కొలుస్తుంది, ప్రాసెస్‌లని అప్లికేషన్ల గుంపులుగా కట్టి చూపిస్తుంది. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్) మీద మాత్రం పెట్టే ముందు అది స్వయంగా ఎంత తింటుందో చూసుకోండి. కాపలా పెట్టుకున్నవాడే గాదె ఖాళీ చేస్తే ఏం లాభం.

సర్వర్ల కొలతలు పోగుచేసి దాచే ప్రోమిథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్‌లో పుట్టింది, ఇప్పుడు చాలా పెద్ద సెటప్‌లలో అదే. దానితో అందరూ పెట్టుకునే నోడ్ ఎక్స్‌పోర్టర్ (కొలతల్ని ప్రోమిథియస్‌కి అందించే చిన్న ప్రోగ్రాము) సర్వర్ మొత్తం మెమరీనే ఇస్తుంది, ప్రాసెస్ వారీగా ఇవ్వదు. సార్ దగ్గర చెప్పిన గుంట ఇక్కడా ఉంది, కాస్త అందమైన గ్రాఫులతో. ప్రాసెస్ ఎక్స్‌పోర్టర్ అని విడిగా ఒకటుంది, అది పెట్టాలి. పేరుని బట్టి ప్రాసెస్‌లని గుంపు కట్టమని దానికి చెప్పండి. ప్రాసెస్ నంబరుని లేబుల్‌గా పెడితే ప్రతి రీస్టార్ట్‌కీ కొత్త గ్రాఫు పుట్టి, చివరికి ప్రోమిథియస్‌కే మెమరీ చాలదు. కంటైనర్లకైతే సీ-అడ్వైజర్.

లీక్‌ని పట్టించేది గ్రాఫే. చాలా ప్రోగ్రాములు ఒకసారి తీసుకున్న మెమరీని వెంటనే కెర్నల్‌కి తిరిగివ్వవు. అందుకని ఆర్‌ఎస్‌ఎస్ తగ్గకపోవడం ఒక్కటే లీక్ కాదు. పెరిగి ఒక మట్టం దగ్గర నిలబడితే అది అలవాటు. మూడు నాలుగు రోజుల గ్రాఫులో మెట్లుమెట్లుగా ఎక్కుతూనే ఉంటే అది లీక్. ఆ తర్వాత ఏ లైను కోడ్ దోషి అన్నది ఈ టూల్స్ ఏవీ చెప్పవు. పైథాన్‌కి ట్రేస్‌మాలక్, గోకి పీప్రాఫ్, జావాకి హీప్ డంప్, అది వేరే కథ.

## ఒక్క చూపులో

| టూల్ | చూపించే లెక్క | గతం | బరువు | ఎక్కడ మోసపోతాం |
|---|---|---|---|---|
| టాప్ | ఆర్‌ఎస్‌ఎస్ | లేదు | దాదాపు లేదు | షేర్ కాలమ్ చూడకపోతే |
| హెచ్‌టాప్ | ఆర్‌ఎస్‌ఎస్, కావాలంటే పీఎస్‌ఎస్ | లేదు | తక్కువ | థ్రెడ్‌లని ప్రాసెస్‌లనుకుంటే |
| పీఎస్ + క్రాన్ | ఆర్‌ఎస్‌ఎస్ | మీరు రాయించినంత | తక్కువ | కేబీలని మరిచిపోతే |
| స్మెమ్ | మూడూ | లేదు | ఎక్కువ | రూట్ కాకుండా నడిపితే |
| పిడ్‌స్టాట్ | ఆర్‌ఎస్‌ఎస్, ఫాల్ట్‌లు | నడిపినంతసేపు | తక్కువ | తప్పు ప్రాసెస్ వెంట పడితే |
| ఎటాప్ | ఆర్‌ఎస్‌ఎస్, అడిగితే పీఎస్‌ఎస్ | 28 రోజులు | తక్కువ | పది నిమిషాల జల్లెడ మార్చకపోతే |
| సిస్టమ్‌డీ-సీజీటాప్ | సర్వీసు మొత్తం, క్యాష్‌తో | లేదు | దాదాపు లేదు | క్యాష్‌ని వాడకం అనుకుంటే |
| నెట్‌డేటా | అప్లికేషన్ గుంపు | ఉంది | మధ్యస్థం | చిన్న వీపీఎస్‌లో |
| ప్రోమిథియస్ + ప్రాసెస్ ఎక్స్‌పోర్టర్ | గుంపు వారీ | మామూలుగా 15 రోజులు | మరో సర్వర్ కావాలి | నోడ్ ఎక్స్‌పోర్టర్ చాలనుకుంటే |

## ఎవరు ఏది పెట్టుకోవాలి

ఒకటో రెండో వీపీఎస్‌లు, సొంత సైటో స్నేహితుడి దుకాణం సైటో నడిపేవాళ్లు: ఎటాప్, 60 సెకన్ల సెట్టింగుతో. గ్రాఫుల జోలికి పోకండి. పక్కన పెట్టుకోవాల్సింది సీజీటాప్ ఒక్కటే, అది ఎలాగూ ఉంది.

పీహెచ్‌పీ, జాంగో హోస్టింగ్ చేస్తూ ఒకే సర్వర్లో ఎన్ని సైట్లు పడతాయో లెక్కలు వేసేవాళ్లకి స్మెమ్ లేకుండా కుదరదు. నెలకోసారి, రద్దీ వేళ ఒకసారి నడిపి రాసిపెట్టుకున్నా చాలు. ర్యామ్ పెంచడానికి డబ్బు కట్టే ముందు తప్పనిసరిగా.

డాకర్ మీద ఉన్నవాళ్లు ప్రాసెస్ స్థాయిని మరిచిపోయి లిమిట్లు, మెమరీ-ఈవెంట్స్ చూడటం అలవాటు చేసుకోవాలి. లిమిట్ పెట్టని కంటైనర్‌కి డాకర్ స్టాట్స్ లిమిట్ చోట హోస్ట్ ర్యామ్‌నే చూపిస్తుంది. ఆ పక్కనుండే శాతం చూసి నిశ్చింతగా ఉండొద్దు.

ఐదారు సర్వర్లు, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్న బృందానికి ప్రోమిథియస్ దాని శ్రమకి తగ్గ ఫలం ఇస్తుంది. అయినా ప్రతి సర్వర్లో ఎటాప్ కూడా ఉంచమంటాను. మెమరీ పూర్తిగా నిండినప్పుడు ఎక్స్‌పోర్టర్ జవాబివ్వలేక గ్రాఫులో సరిగ్గా ఆ ఐదు నిమిషాలే ఖాళీ వస్తుంది. స్థానికంగా డిస్క్ మీద రాసిన ఫైలు చాలాసార్లు ఆ ఖాళీని పూడ్చింది.

క్లయింట్ సర్వర్లో రూట్ లేదు, ఇన్‌స్టాల్ చేసే హక్కు లేదు అనేవాళ్లకి పీఎస్ క్రాన్ లైను, స్టేటస్ ఫైల్లో వీఎం-హెచ్‌డబ్ల్యూఎం. అంతే, కానీ అది తక్కువేమీ కాదు.

## ఏదీ పెట్టుకోకముందే పడిపోతే

కెర్నల్ లాగ్ తెరవండి. ఓఓఎం కిల్లర్ ఎవర్నో చంపానని చెప్పే వరుస ఒక్కటే చదివి ఆపకండి. ఆ వరుసలోనే అనాన్ (సొంత మెమరీ), ఫైల్, ష్మెమ్ (పంచుకున్న మెమరీ) అని ఆర్‌ఎస్‌ఎస్ మూడు ముక్కలుగా ఉంటుంది. అనాన్ చిన్నగా, ష్మెమ్ కొండంత ఉంటే చచ్చింది దోషి కాకపోవచ్చు. దాని పైన, ఆ క్షణంలో బతికున్న ప్రాసెస్‌లన్నిటి పట్టిక ఉంటుంది. చంపిన వరుసలో అంకెలు కేబీల్లో, పైనున్న పట్టికలో ఆర్‌ఎస్‌ఎస్ మాత్రం పేజీల్లో. మామూలు ఎక్స్86 సర్వర్లో పేజీ 4 కేబీ, కాబట్టి నాలుగుతో హెచ్చించుకోవాలి.

మా లాగ్‌లో ఆ పట్టిక మొదటి రాత్రే ఉంది. పైథాన్ అన్న పేరుకి ఎదురుగా 2,30,000 చిల్లర. కేబీలనుకుని, 230 ఎంబీయే కదా అని మేం దాన్ని దాటుకుని కిందికి వెళ్లిపోయాం. అది 900 ఎంబీ.